లండన్ ఉద్యోగం వచ్చింది, జీతమే చాలేలా లేదు

ఈ వారం వచ్చిన ఉత్తరం ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ నుంచి. రాసినమ్మాయికి 24 ఏళ్లు, పేరు వేయవద్దంది. తెనాలి దగ్గర పల్లెటూరు, నాన్నకు చిన్న కిరాణా కొట్టు. గుంటూరులో బీటెక్ సివిల్ చదివింది. ఇల్లు తాకట్టు పెట్టి, ప్రభుత్వ బ్యాంకులో 24 లక్షల అప్పు తీసుకుని వెళ్లి స్ట్రక్చరల్ ఇంజినీరింగ్‌లో ఎంఎస్సీ పూర్తి చేసింది. చదువయ్యాక అక్కడే పని చేసుకోవడానికి ఇచ్చే గ్రాడ్యుయేట్ వీసాలో ఇంకా 19 నెలలు మిగిలాయి. వచ్చే నెల నుంచి 33 వేల రూపాయల ఈఎంఐ మొదలు.

నూట నలభై చోట్ల దరఖాస్తు చేస్తే ఒక్క ఆఫర్ వచ్చింది. లండన్‌లో పద్నాలుగు మంది ఉన్న ఒక కన్సల్టెన్సీ. ఏడాదికి 28,000 పౌండ్లు, వారానికి 37.5 గంటలు. స్పాన్సర్‌షిప్ (వర్క్ వీసాకు కంపెనీ ఇచ్చే పూచీ) సంగతి అడిగితే "ఏడాది గడవనివ్వండి, అప్పుడు చూద్దాం" అన్నారట. లండన్ శివారు ఇల్ఫర్డ్‌లో ఒక గది చూసింది, కరెంటు, నీళ్లు అన్నీ కలిపి నెలకు 850 పౌండ్లు. ఇప్పుడు షెఫీల్డ్‌లో మరో ఇద్దరు తెలుగమ్మాయిలతో కలిసి ఉంటోంది, తన వాటా 420. వేర్‌హౌస్‌లో రాత్రి షిఫ్టులు చేస్తోంది. చేతిలో 2,600 పౌండ్లు ఉన్నాయి.

మేనమామ "అంత దూరం పోయి ఆ జీతానికా? గోడౌన్‌లోనే ఉండి అప్పు తీర్చుకుని రా" అంటున్నాడు. హైదరాబాద్‌లో ఒక డిజైన్ ఆఫీసులో సీనియర్ ద్వారా నెలకు 35 వేల ఉద్యోగం ఉంది. బర్మింగ్‌హామ్‌లో తెలిసినాయన ఒకాయన 12 లక్షలిస్తే స్పాన్సర్‌షిప్ ఇప్పిస్తానంటున్నాడు. నాన్న మాత్రం "నీ ఇష్టం తల్లీ, కొట్టు సంగతి నేను చూసుకుంటా" అంటున్నాడు. "టెస్కో బిల్లు వెనకాల నాలుగుసార్లు లెక్క వేశాను మేడం. నాలుగుసార్లూ నాలుగు రకాలుగా వచ్చింది. వద్దంటే పొగరంటారు, సరేనంటే పిచ్చంటారు. వచ్చే శుక్రవారంలోగా జవాబు చెప్పాలి" అని ముగించింది.

*

నీకంటే ముప్ఫై ఏళ్లు పెద్దదాన్ని కాబట్టి చనువుగా 'నువ్వు' అనే రాస్తాను.

ముందు నాన్నగారి మాట. "నీ ఇష్టం" అన్నారని రాసి, పక్కనే "అందుకే ఎక్కువ టెన్షన్‌గా ఉంది" అని రాశావు. అర్థమైంది. తిట్టే నాన్న అయితే ఎదురు చెప్పొచ్చు. ఇల్లు తాకట్టు పెట్టి నోరెత్తని నాన్న విషయంలో ఏ నిర్ణయం తీసుకున్నా తప్పు చేసినట్టే ఉంటుంది. ఆ బరువు మోస్తూ లెక్క వేస్తే అంకెలు నిలకడగా ఉండవు. అందుకని నీ లెక్క నేనొకసారి వేస్తాను, నువ్వు పక్కన కూర్చుని చూడు.

28,000లో మొదటి 12,570 మీద పన్ను లేదు. మిగతా దాని మీద ఇన్‌కమ్ ట్యాక్స్ 20 శాతం, నేషనల్ ఇన్సూరెన్స్ 8 శాతం. పెన్షన్ కోత కూడా పోను నీ చేతికి నెలకు సుమారు 1,900 పౌండ్లు వస్తాయి. గదికి 850. లండన్ రైలు చార్జీల లెక్కలో ఇల్ఫర్డ్ నాలుగో జోన్ కాబట్టి రోజూ ఆఫీసుకు వెళ్తే ప్రయాణానికి 250 దాకా. వంట నువ్వే చేసుకుంటే తిండికి 200, ఫోను, చిల్లర మల్లర 80. ఈఎంఐ ఇప్పటి మారకంలో 280కి అటూ ఇటూ. అంతా పోను నెలాఖరుకు రెండు వందల పైచిలుకు మిగులుతుంది, అదీ జ్వరం రాకుండా, కోటు చిరగకుండా, పెళ్లికనీ పండగకనీ ఇంటికి టికెట్ కొనకుండా ఉంటే. బతకొచ్చు, కానీ ఊపిరి బిగబట్టి బతకాలి.

ఇప్పుడు మేనమామగారి లెక్క. ఆయన మాట కరుకుగా ఉంది కానీ కొట్టిపారేసేది కాదు. షెఫీల్డ్‌లో 420 గదిలో ఉండి, వారానికి నలభై గంటలూ పని దొరికితే, కనీస వేతనం మీదే ఈఎంఐ కట్టాక 700 దాకా మిగలొచ్చు. 19 నెలలు అలా గడిస్తే పదిహేను లక్షల దాకా అదనంగా అప్పులోకి వెళ్తుంది. లండన్‌లో ఇంజినీరు చేతిలో రెండు వందలు, షెఫీల్డ్‌లో పెట్టెలు మోసే అమ్మాయి చేతిలో ఏడు వందలు! నువ్వు నాలుగుసార్లు లెక్క వేయడానికి అసలు కారణం ఇదేనని నాకనిపిస్తోంది. ఈ తేడా నీకు కనబడింది, ఒప్పుకోవడానికి మనసు రాలేదు.

ఒప్పుకో. ఒప్పుకున్నాకే మిగతావి కనబడతాయి. నీ ఉత్తరంలోనే ఇంకోచోట "మొన్న వారం రెండు షిఫ్టులు క్యాన్సిల్ చేశారు" అని ఉంది. అంటే ఆ నలభై గంటలకు గ్యారంటీ లేదు. రెండోది ఇంకా పెద్దది. 19 నెలల తర్వాత నీ బయోడేటాలో ఎంఎస్సీ తర్వాత ఏముంటుంది? తెనాలిలో అయినా లండన్‌లో అయినా రెండేళ్లుగా డ్రాయింగ్ ముట్టని స్ట్రక్చరల్ ఇంజినీరును ఎవరూ సులువుగా తీసుకోరు. అప్పు చాలావరకు తీరుతుంది, ఆ అప్పు చేసి చదివిన చదువు మాత్రం చేతిలోంచి జారిపోతుంది. నీకు ఇల్లు విడిపించుకోవడమే అన్నిటికంటే ముఖ్యమైతే, ఆ దారి తప్పు కాదు. కానీ తెలిసి ఎంచుకోవాలి.

ఇక లండన్ ఆఫర్. అందరూ నీ జీతాన్ని గది అద్దెతో పోలుస్తున్నారు. నేను దాన్ని ఇంకో అంకెతో పోల్చమంటాను, 33,400తో. బ్రిటన్‌లో కంపెనీ స్పాన్సర్ చేస్తే వచ్చే స్కిల్డ్ వర్కర్ వీసాకు 2025 జూలై 22 నుంచి మామూలుగా ఉండాల్సిన జీతం 41,700 పౌండ్లు. నీలాగా గ్రాడ్యుయేట్ వీసా నుంచి మారేవాళ్లను 'న్యూ ఎంట్రంట్' కింద లెక్కేస్తారు, వాళ్లకు 33,400 చాలు. దాంతోపాటు ఆ వృత్తికి ప్రభుత్వం కట్టిన రేటులో 70 శాతం కూడా చూస్తారు, రెండిట్లో ఏది ఎక్కువైతే అది ఉండాలి. నీ ఆఫర్ 28,000. అంటే కంపెనీవాళ్లు రేపు పొద్దున్నే స్పాన్సర్ చేస్తామన్నా ఈ జీతం మీద చేయలేరు. "ఏడాది తర్వాత చూద్దాం" అన్న మాటలో ఎంత మంచితనం ఉన్నా, జీతం 5,400 పెంచకపోతే ఆ మాటకు విలువ లేదు. ఈ సంగతి వాళ్లకు తెలుసో లేదో కూడా మనకు తెలియదు. చిన్న కంపెనీల్లో చాలాసార్లు నిజంగానే తెలియదు.

కాబట్టి శుక్రవారంలోగా చేయాల్సింది సరే అనో వద్దనో చెప్పడం ఒక్కటే కాదు, అడగడం. ఆఫర్ వచ్చాక అడిగితే వెనక్కి తీసుకుంటారేమోనని భయపడుతున్నావు. మర్యాదగా అడిగిన ప్రశ్నకు ఆఫర్ పోదు. ఒకవేళ పోయిందంటే ఆ ఆఫీసు నిన్ను రెండేళ్లు నిలబెట్టేది కాదని ఇప్పుడే తెలిసినట్టు.

ఫోనులో కాకుండా ఈమెయిల్‌లో అడుగు. జవాబు రాతలో ఉండాలి. ఆఫర్ వచ్చినందుకు సంతోషంగా ఉందని మొదలుపెట్టి, నీ వీసా ఏ నెలలో అయిపోతుందో తేదీతో సహా చెప్పు. ఆ తేదీలోగా జీతం 33,400కు చేరే అవకాశం ఉందా, ఎప్పుడు సమీక్షిస్తారు అని అడుగు. కంపెనీకి స్పాన్సర్ లైసెన్స్ ఉందా, లేకపోతే తీసుకునే ఉద్దేశం ఉందా అని అడుగు. ఈ మెయిల్ పంపకముందే బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో లైసెన్స్ ఉన్న కంపెనీల జాబితా చూసుకో, అది ఎవరైనా చూడొచ్చు. ఇంకొకటి అడగడం మరిచిపోకు. నువ్వు చేసిన లెక్కలు దగ్గర కూర్చుని సరిచూసే, వృత్తి సంస్థ గుర్తింపు ఉన్న చార్టర్డ్ ఇంజినీరు ఆఫీసులో ఎవరు? జీతం తక్కువున్నచోట పని నేర్పేవాళ్లు కూడా లేకపోతే ఆ ఉద్యోగంలో నీకు మిగిలేది రైలు టికెట్లే.

జీతం కూడా అడుగు. సిగ్గుపడకు. లండన్‌లో బతకడానికి గంటకు ఇంత ఉండాలని లెక్కగట్టి ఏటా ఒక రేటు ప్రకటిస్తారు, లండన్ లివింగ్ వేజ్ అంటారు. అది చట్టం కాదు, ఇష్టమైన కంపెనీలు పాటిస్తాయి. 2025 అక్టోబరులో ప్రకటించిన రేటు గంటకు 14.80. నీ జీతాన్ని గంటల్లోకి మారిస్తే 14.36 వస్తుంది. ఎంఎస్సీ చదివిన ఇంజినీరుకు ఆఫీసు ఊడ్చేవాళ్లకు కూడా ఉండాలనే రేటు రావడం లేదు. ఈ మాట మెయిల్‌లో ఇలాగే రాయకు. "30,000 అయితే నాకు వీలుగా ఉంటుంది, లేదా ఆరు నెలలకు సమీక్ష ఉంటుందని రాసి ఇవ్వగలరా" అని అడిగితే చాలు.

వాళ్ల జవాబు మూడు రకాల్లో ఏదో ఒకటి అవుతుంది. ఆరు నెలలకో ఏడాదికో జీతం పెంచుతాం, లైసెన్స్ ఉంది లేదా తీసుకుంటాం అని రాతలో వస్తే, నేను నీ స్థానంలో ఉంటే వెళ్తాను. రెండు వందలు మిగిలే జీవితమైనా వెళ్తాను. వీసా మారేటప్పుడు ప్రభుత్వ వైద్యం కోసం కట్టే హెల్త్ సర్‌చార్జ్ ఏడాదికి 1,035 మళ్లీ కట్టాలి, రెండేళ్లకు 2,070, పైన దరఖాస్తు ఫీజు. అవి కంపెనీ ఇస్తుందా నువ్వే పెట్టుకోవాలా అన్నది కూడా ముందే తేల్చుకో. నువ్వే అయితే ఆ మిగిలే రెండు వందలు మొదటి నెల నుంచీ అటే పోతాయి, ఆ డబ్బు లేదనుకుని బతకాలి.

"స్పాన్సర్‌షిప్ కుదరదు, కానీ పని నేర్పుతాం" అని నిజాయితీగా చెప్తే, అది కూడా చెడ్డ ఆఫర్ కాదు. ఏడాది అనుభవం ఉన్న ఇంజినీరు ఇంకో కంపెనీలో 33,400 అడగడం వేరు, ఇప్పుడు నువ్వు అడగడం వేరు. అయితే ఒక తేదీ పెట్టుకోవాలి. చేరిన పదో నెల నుంచి బయట వెతకడం మొదలుపెట్టాలి, మేనేజరు ఎంత మంచివాడైనా సరే. వీసా గడువుకు రెండు నెలల ముందు మేలుకుంటే లండన్ మొత్తం తిరిగినా ఉపయోగం ఉండదు.

మూడో రకం జవాబు, జవాబే రాకపోవడం. లేదా మళ్లీ "చూద్దాం" అనడం. అప్పుడు నేనైతే షెఫీల్డ్‌లోనే ఉండి, మాంచెస్టర్, లీడ్స్, బర్మింగ్‌హామ్ వైపు సివిల్, స్ట్రక్చరల్ ఉద్యోగాలకు మరో రెండు నెలలు గట్టిగా ప్రయత్నిస్తాను. అక్కడ జీతం కొంచెం తగ్గినా గది సగం ధరకు దొరకొచ్చు. అందులో ఒక చిక్కుంది. వీసాకు కావాల్సిన 33,400 దేశమంతటికీ ఒకటే, లండన్ అయినా లీడ్స్ అయినా మారదు. చవక ఊళ్లో సుఖంగా బతుకుతావు కానీ ఆ అంకె ఇంకొంచెం దూరమవుతుంది. వేర్‌హౌస్ పని అప్పటిదాకా ఈఎంఐ కోసం ఉంచుకోవచ్చు, దానికి కూడా ఒక ఆఖరు తేదీ పెట్టుకో.

ఇంకొక సంగతి ఇప్పుడే చెప్పాలి, తర్వాత తెలిసి గుండె పగలకుండా. న్యూ ఎంట్రంట్ సౌకర్యం మొత్తం నాలుగేళ్లే, అందులో గ్రాడ్యుయేట్ వీసా కాలం కూడా కలుస్తుంది. ఆ తర్వాత మామూలు రేటు, అంటే ఇప్పటి లెక్కన 41,700, వృత్తి రేటు రెండిట్లో ఎక్కువదాన్ని చేరాల్సిందే. అక్కడ స్థిరపడాలని కాక, నాలుగేళ్లు పని నేర్చుకుని అప్పు తీర్చుకుని వద్దామని అనుకుంటే నీ మీద బరువు సగం తగ్గుతుంది. నువ్వు ఏది కోరుకుంటున్నావో ఉత్తరంలో ఎక్కడా రాయలేదు. అది నీకు నువ్వు చెప్పుకో.

బర్మింగ్‌హామ్ పెద్దమనిషి గురించి మాత్రం నాకు రెండో మాట లేదు. ఆయన ఫోన్ ఎత్తకు. వీసా కోసం కంపెనీ ఇచ్చే సర్టిఫికెట్ ఆఫ్ స్పాన్సర్‌షిప్ ఫీజు, లైసెన్స్ ఖర్చు ఉద్యోగి దగ్గర వసూలు చేయకూడదని 2024 డిసెంబరు 31 నుంచి నిబంధన ఉంది. విదేశీ ఉద్యోగిని స్పాన్సర్ చేసినందుకు ప్రభుత్వానికి కట్టే స్కిల్స్ చార్జ్ ఎప్పుడూ కంపెనీదే. డబ్బు తీసుకుని ఇచ్చే స్పాన్సర్‌షిప్‌లో చాలాసార్లు కంపెనీ కాగితం మీదే ఉంటుంది. లైసెన్స్ రద్దయితే కంపెనీ యజమాని ఊరు మారతాడు, నీ వీసా ఆగిపోతుంది, 12 లక్షలు పోతాయి. ఇలా పోగొట్టుకున్న పిల్లల ఉత్తరాలు నా దగ్గర ఉన్నాయి. చదివిన రోజు అన్నం తినబుద్ధి కాలేదు.

హైదరాబాద్ 35 వేల గురించి. ఈఎంఐ 33 వేలు పోతే రెండు వేలు మిగులుతుంది. ఇంటికి దగ్గరగా ఉండడం, అమ్మ చేతి భోజనం నిజమైన విలువలే, కానీ ఈఎంఐ నాన్నగారి కొట్టు మీద పడుతుంది. ఇప్పుడు వెనక్కి రావడం కంటే ఒక ఏడాది యూరోకోడ్‌ల (యూరప్ డిజైన్ ప్రమాణాలు) మీద పని చేసి రావడం వేరుగా ఉంటుంది. బ్రిటన్ కన్సల్టెన్సీల డిజైన్ సెంటర్లు మన దేశంలో బెంగళూరు, ముంబై లాంటి చోట్ల ఉన్నాయి, అక్కడి ప్రాజెక్టులకే ఇక్కడ డిజైన్ చేస్తారు. మన దేశపు ఐఎస్ కోడ్‌లు మాత్రమే తెలిసినవాళ్లకంటే నీకు అక్కడ మంచి మాట దక్కుతుంది. తిరిగి రావడాన్ని ఓటమిగా రాశావు. బంధువులు "ప్యాకేజీ ఎంత" అని అడగడం నువ్వు లండన్‌లో ఉన్నా మానరు.

వెళ్లేట్టయితే మొదటి నెల గురించి జాగ్రత్త. నీ లెక్కల్లో ఎక్కడా డిపాజిట్ లేదు. అయిదు వారాల అద్దె దాకా అడుగుతారు, 850కి అది 980 అవుతుంది. మొదటి నెల అద్దె ముందే ఇవ్వాలి. జీతం నెలాఖరుకు గానీ రాదు. రైలు, తిండి కలిపితే మొదటి జీతం చూసేలోపు 2,200 దాటుతుంది. నీ దగ్గర 2,600 ఉన్నాయి, ఆ నెలలోనే 280 ఈఎంఐ కూడా ఉంది. ఏమీ మిగలదు.

నేను 1990ల చివర్లో లండన్‌లోని ఈస్ట్‌హామ్‌లో ఇలాగే దిగాను. అద్దె లెక్క వేసుకున్నాను, డిపాజిట్ సంగతి మరిచాను. గదిలో హీటరుకు గోడ మీద మీటర్ ఉండేది, నాణెం వేస్తేనే వేడి. సాయంత్రం ఏడింటికి ఒక నాణెం, అది అయిపోయేలోపు అన్నం వండుకుని, అమ్మ పంపిన కందిపొడితో తిని, దుప్పటి కప్పుకుని పడుకునేదాన్ని. పద్దెనిమిది రోజులు. ఇంటికి ఫోన్ చేసి "బాగానే ఉన్నాను" అనేదాన్ని. నాన్నకు చెప్పి ఉంటే ఏదో ఒకటి చేసేవారు, చెప్పలేదు. ఆ పద్దెనిమిది రోజుల ఆకలి ఎప్పుడో మరిచాను, చెప్పకపోవడం మాత్రం ఇప్పటికీ గుర్తుంది. నువ్వలా చేయకు.

అందుకే చేరే తేదీ రెండు మూడు వారాలు వెనక్కి జరపమని అడుగు, ఆ లోపు షిఫ్టులు చేసుకో. వేర్‌హౌస్ మానేటప్పుడు పీ45 (అప్పటిదాకా వచ్చిన జీతం, కోసిన పన్ను చూపే కాగితం) తప్పకుండా తీసుకుని కొత్త ఆఫీసుకివ్వు, లేకపోతే మొదటి జీతంలో పన్ను ఎక్కువ కోసే ప్రమాదముంది. తర్వాత తిరిగి వస్తుంది కానీ నీకు ఆ నెలలోనే కావాలి. వారానికి ఒకటి రెండు రోజులు ఇంటి నుంచి పని చేయనిస్తారేమో అడుగు, రైలు ఖర్చు తగ్గుతుంది. ఇద్దరు కలిసి ఒకే గదిలో ఉంటే 450కే అవుతుందని స్నేహితురాలు చెప్పిందన్నావు. మొదటి మూడు నెలలకైతే ఆలోచించు. రోజంతా లెక్కలు చేసి వచ్చిన మనిషికి రాత్రి నిద్ర ఉండాలి, అది చూసుకుని ఒప్పుకో.

అప్పు వైపు కూడా ఒక పని ఉంది, అది నాన్నగారు చేయాలి. ఈఎంఐ మొదలవ్వకముందే బ్రాంచికి వెళ్లి, గడువు పదేళ్ల నుంచి పదిహేనేళ్లకు పెంచే వీలుందా అని అడగమను. నువ్వు రాసిన 11 శాతం వడ్డీ మీద చూస్తే ఈఎంఐ 33 వేల నుంచి 27 వేల చిల్లరకు దిగుతుంది. మొత్తం వడ్డీ పెరుగుతుంది, నిజమే. జీతం పెరిగాక ముందే ఎక్కువెక్కువ కట్టేసి ఆ వడ్డీ తగ్గించుకోవచ్చు. ముందస్తుగా కడితే జరిమానా ఉంటుందేమో అదే రోజు కనుక్కోమను.

ఆయన కొట్టు నడిపే మనిషి. రాబడి, ఖర్చు, అరువు ఆయనకు నీకంటే నాకంటే బాగా తెలుసు. ఆ టెస్కో బిల్లు వెనకాల లెక్కను శుభ్రంగా ఒక కాగితం మీద, పౌండ్లు ఒక పక్క, రూపాయలు ఒక పక్క రాసి ఫోటో తీసి ఈ ఆదివారం ఆయనకు పంపు. లండన్ ఒక గడి, షెఫీల్డ్ ఒక గడి, హైదరాబాద్ ఒక గడి. కొట్టు కట్టేశాక రాత్రి తొమ్మిదిన్నరకు ఫోన్ చేసి, "నాన్నా, నీ ఇష్టం అనకు, ఈ మూడింట్లో నీకు ఎక్కడ భయమేస్తోందో చెప్పు" అని అడుగు. కంపెనీకి మెయిల్ మాత్రం ఆదివారం దాకా ఆపకు, ఈ ఉత్తరం చదివిన రోజే పంపించు.